7,800 రూపాయల ట్యూబ్, మైకు సెట్ బాబాయ్, ఒక మల్టీమీటర్: ట్యూబ్ రోలింగ్‌లో నిజంగా మారేదేంటి?

నా టేబుల్ మీదున్న హెడ్‌ఫోన్ ఆంప్ ఖరీదు 6,500 రూపాయలు. దాని నెత్తిన గుచ్చిన బొటనవేలంత గాజు ట్యూబ్‌కి 7,800 పెట్టాను. ఈ లెక్క మా అమ్మకి ఇంకా తెలీదు. ఆఫీసులో మాత్రం అందరికీ తెలుసు, ఎందుకంటే "ట్యూబ్ మార్చగానే సౌండ్ మొత్తం మారిపోయింది" అని మూడు నెలలు ఊదరగొట్టింది నేనే. నా మాట నమ్మి మా టీమ్‌లో కొత్తగా చేరిన జూనియర్ ఒకడు అదే ఆంప్ కొన్నాడు. రెండో నెల జీతంలోంచి 6,000 తీసి ఒక 'వింటేజ్' ట్యూబ్ కూడా తెప్పించుకున్నాడు.

వాడు ఒకరోజు లంచ్ దగ్గర మెల్లగా అడిగాడు: "అన్నా, నాకు పెద్దగా తేడా తెలీట్లేదు. నా చెవుల్లో ప్రాబ్లమా?" చెవులు ట్రెయిన్ అవ్వాలి, టైమ్ పడుతుంది అని చెప్పి పంపించా. ఆ సమాధానం నాకే నచ్చలేదు. ఈ ఆర్టికల్ అక్కడ మొదలైంది.

అసలు ఏంటీ ట్యూబ్ రోలింగ్?

వాక్యూమ్ ట్యూబ్ అంటే మన పెద్దవాళ్లు వాల్వు అనేది. వాల్వు రేడియోలో ఉండే వాల్వు అదే. గాలి మొత్తం లాగేసిన గాజు సీసా, మధ్యలో కాథోడ్ అనే సన్నటి గొట్టం, దాని లోపల హీటర్ తీగ. హీటర్ వేడికి కాథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయటికొస్తాయి. చుట్టూ ప్లేట్ అనే లోహపు డబ్బా ఉంటుంది, దాని పాజిటివ్ వోల్టేజ్ వాటిని లాక్కుంటుంది. ఇంతవరకే అయితే అది డయోడ్, 1904లో ఫ్లెమింగ్ చేసింది. 1906లో లీ డి ఫారెస్ట్ ఈ రెంటి మధ్యలో ఇంకో తీగ పెట్టాడు. అదే గ్రిడ్. కాలువ తూము చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. తలుపుని కొంచెం పైకీ కిందకీ ఆడిస్తే చాలు, కింద పోయే నీరంతా ఆ లయలోనే తగ్గుతుంది, పెరుగుతుంది. ఫోన్ నుంచి వచ్చే చిన్న సిగ్నల్ గ్రిడ్‌ని ఆడిస్తుంది, ప్లేట్ దగ్గర అదే సిగ్నల్ పెద్దదై కనిపిస్తుంది.

నా ఆంప్ హైబ్రిడ్ రకం. వోల్టేజ్ పెంచే పని ట్యూబ్‌ది, హెడ్‌ఫోన్‌కి కరెంట్ అందించే పని వెనకున్న రెండు మాస్‌ఫెట్లది. 10 వేల లోపు 'ట్యూబ్ ఆంప్' అని అమ్మేవాటిలో ఎక్కువ భాగం ఇలాంటివే. ట్యూబ్ 12ఏయూ7, ఒకే సీసాలో రెండు ట్రయోడ్లు ఉంటాయి కాబట్టి ఒకటి లెఫ్ట్‌కి, ఒకటి రైట్‌కి. యూరప్‌లో దీని పేరే ఈసీసీ82. అమెరికన్ పేరులో మొదటి 12 అంటే హీటర్ వోల్టేజ్, కచ్చితంగా చెప్పాలంటే 12.6. యూరప్ పేరులో 'ఈ' అంటే 6.3 వోల్టుల హీటర్, 'సీ' అంటే ట్రయోడ్, రెండు 'సీ'లు ఉంటే రెండు ట్రయోడ్లు, 8 అంటే తొమ్మిది పిన్నుల బేస్. హీటర్ తీగ మధ్యలోంచి ఒక పిన్ను బయటికి తీశారు కాబట్టి దీన్ని 12.6తోనూ నడపొచ్చు, 6.3తోనూ నడపొచ్చు. అందుకే రెండు పేర్లూ కరెక్టే.

సాకెట్‌లో ఉన్న ట్యూబ్ తీసి, అదే రకం ట్యూబ్ వేరే కంపెనీదో వేరే కాలందో పెట్టి సౌండ్‌లో తేడా వెతకడమే ట్యూబ్ రోలింగ్. సోల్డరింగ్ అక్కర్లేదు, బల్బు మార్చినట్టే. ఈ హాబీకి ఇంత క్రేజ్ రావడానికి అదే కారణం అనుకుంటా. ఫోన్‌లో డాక్ చిప్ మార్చలేం, ఇయర్‌బడ్ డ్రైవర్ మార్చలేం. మన చేత్తో మార్చగలిగింది ఏదైనా ఉందంటే ఇదే.

నేను ఏం విన్నానంటే

బాక్స్‌తో పాటు వచ్చిన చైనా ట్యూబ్‌తో నెలరోజులు విన్నా. బానే ఉంది. తర్వాత ఆన్‌లైన్‌లో ఒక సెల్లర్ దగ్గర ముల్లార్డ్ అని ప్రింటున్న పాత ఈసీసీ82 దొరికింది. వాడకుండా స్టోర్‌లో మిగిలిపోయిన పాత స్టాక్ అన్నారు. పెట్టి, పది నిమిషాలు వేడెక్కనిచ్చి, సెన్‌హైజర్ హెచ్‌డీ 600 తగిలించుకుని బాలు గారి పాట ఒకటి పెట్టా.

నిజం చెప్తున్నా, మారింది. గొంతు చిక్కబడింది, ముందుకొచ్చినట్టు ఉంది. తబలా మీద చెయ్యి పడినప్పుడు ఆ మెత్తదనం వేరే. హైస్‌లో పదును తగ్గింది. ఆడియో రివ్యూల్లో 'వార్మ్' అనే మాట ఎందుకు వాడతారో ఆ రాత్రి అర్థమైందనుకున్నా. ప్లేసీబో అని ఎవరన్నా అంటే ఒప్పుకునేవాణ్ణి కాదు, ఇప్పటికీ ఒప్పుకోను. తేడా ఉంది. కానీ అది ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే నేను పూర్తిగా తప్పుగా అర్థం చేసుకున్నా.

మైకు సెట్ బాబాయ్ మాట

సంక్రాంతికి తణుకు వెళ్లా. మా వీధి చివర ఒక బాబాయ్ ఉన్నారు. చుట్టరికం ఏమీ లేదు, చిన్నప్పట్నుంచి అలా పిలవడమే. ఆయనది మైకు సెట్. నా చిన్నప్పుడు ఏ పెళ్లయినా, వినాయక చవితి పందిరైనా, గుళ్లో ధనుర్మాసం పాటలైనా ఆయన హారన్లే మోగేవి. ఇప్పుడు డీజే బాక్సులొచ్చాక ఆ సెట్లు షెడ్డులో పడున్నాయి. నా పిచ్చి గురించి చెప్తే, లోపలికెళ్లి ఒక రేకు పెట్టె తెచ్చారు. అందులో పాత న్యూస్‌పేపర్ ముక్కల్లో చుట్టి, వరసగా వాల్వులు.

చాలా వాటి మీద బీఈఎల్ అని ఉంది. మన భారత్ ఎలక్ట్రానిక్సే. ఇప్పుడు రాడార్లు, డిఫెన్స్ ఎలక్ట్రానిక్స్ చేసే కంపెనీ. 1954లో బెంగళూరులో పెట్టారు, 1961 నుంచి రేడియోల్లో వాడే వాల్వులు తయారుచేశారు. బయటి దేశాల్లో ట్యూబులు పోగేసేవాళ్లకి ఈ పేరు తెలుసు, కొనుక్కుంటారు కూడా. మనం మాత్రం యూరప్ పేరు చూసి 7,800 పెడతాం.

పెట్టెలో మూడు ఈసీసీ82లు దొరికాయి. అడిగా: "బాబాయ్, ఈ మూడిట్లో ఏది వేస్తే సౌండు బాగుంటుంది?"

ఆయన నన్ను వింతగా చూశారు. "వాల్వు మారిస్తే సౌండు మారడమేంట్రా? మారిందంటే ఆ రెండిట్లో ఒకటి పోయినట్టే. పోయినదాన్ని తీసెయ్యడానికే కదా మార్చేది."

"అలా కాదు బాబాయ్, ఒక్కో కంపెనీది ఒక్కో టోన్ ఉంటది..."

"టోనుకి టోను నాబుందిగా."

డబ్బులిస్తానంటే తిట్టి, మూడూ చేతిలో పెట్టి పంపించారు.

తిరుగు ప్రయాణంలో బస్సులో నిద్ర పట్టలేదు. ఆయన మాట కొట్టిపారేయడానికి లేదు. నలభై ఏళ్లు వాల్వులతో బతికిన మనిషి. పైగా మా భాషలో చెప్పాలంటే, ట్యూబ్ టైప్ నంబర్ అనేది ఒక ఏపీఐ కాంట్రాక్ట్ లాంటిది. లోపల ఎవరు ఎలా రాసుకున్నా, బయటికి ఒకేలా ప్రవర్తించాలి. ఏ ఫ్యాక్టరీలో చేసినా ఈసీసీ82 డేటాషీట్ ఒకటే ఉండాలి, లేకపోతే ఊళ్లో రేడియో రిపేర్ షాపు నడవదు. పాత ఆంప్ డిజైనర్లు అందుకే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ పెట్టేవాళ్లు, అంటే అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని వెనక్కి తెచ్చి తప్పుల్ని సరిచేయించడం. వాల్వు కొంచెం అటూ ఇటూ ఉన్నా సర్క్యూట్ సర్దుకుపోతుంది. మరి నా ఆంప్‌లో ఎందుకు అంత తేడా వినపడింది?

మాన్యువల్‌లో ఒక్క లైను

హైదరాబాద్ వచ్చాక ఆంప్ మాన్యువల్ తీశా. నాలుగు పేజీలు. మూడో పేజీలో, నేను ఎప్పుడూ చదవని లైను: ట్యూబ్ మార్చాక ప్లేట్ వోల్టేజ్‌ని సప్లైలో సగానికి సెట్ చేసుకోవాలి. బోర్డు మీద ఛానెల్‌కి ఒకటి చొప్పున రెండు నీలం రంగు ట్రిమ్‌పాట్లు ఉన్నాయి, అవి అందుకే. ఆరు నెలలు వాటిని డెకరేషన్ అనుకున్నా.

దీని వెనకున్న సంగతి చెప్పాలి. 12ఏయూ7ని ప్లేట్ దగ్గర 300 వోల్టుల దాకా తట్టుకునేలా డిజైన్ చేశారు. నా ఆంప్ సప్లై మొత్తం కలిపి 24 వోల్టులే. సేఫ్టీకి ఇది మంచిదే, ముట్టుకున్నా ప్రాణం పోదు. కానీ ట్యూబ్ తన కంఫర్ట్ జోన్‌కి చాలా కింద, ఆకలితో పనిచేస్తున్నట్టు లెక్క. అంత తక్కువ వోల్టేజ్‌లో ఒక ట్యూబ్‌కీ ఇంకో ట్యూబ్‌కీ మధ్య చిన్న తేడా కూడా పెద్దగా కనిపిస్తుంది. అందుకే ప్రతిసారీ సరిచేయాలి. ప్లేట్ 12 వోల్టుల దగ్గర కూర్చుంటే, సిగ్నల్ పైకి పోవడానికి 12, కిందకి రావడానికి 12 ఉంటాయి. 19 దగ్గర కూర్చుంటే పైన 5 వోల్టులే మిగులుతాయి. సిగ్నల్ ఒక వైపు నలిగిపోతుంది.

మల్టీమీటర్ పెట్టి కొలిచా. కంపెనీ ట్యూబ్: లెఫ్ట్ 12.1, రైట్ 12.3. ఫ్యాక్టరీలో దీనికే సెట్ చేసి పంపారు కాబట్టి కరెక్టుగా ఉంది. 7,800 ట్యూబ్: లెఫ్ట్ 18.6, రైట్ 17.2. బాబాయ్ ఇచ్చిన వాటిలో ఒకటి: 8.9, 9.4.

కాసేపు కుర్చీలో అలాగే కూర్చుండిపోయా.

సిగ్నల్ రెండు వైపులా సమానంగా కాకుండా ఒక వైపే నలిగితే ముఖ్యంగా పెరిగేది సెకండ్ హార్మోనిక్, అంటే అసలు స్వరానికి సరిగ్గా రెట్టింపు ఫ్రీక్వెన్సీలో ఒక నీడ. సంగీతం భాషలో అదే స్వరం పై స్థాయిలో. చెవికి అది తప్పులా అనిపించదు, గొంతు చిక్కబడినట్టు అనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌కి ఆడియో ఇంటర్‌ఫేస్ తగిలించి, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్‌లో కొలిస్తే, 1 వోల్టు అవుట్‌పుట్ దగ్గర 7,800 ట్యూబ్‌లో సెకండ్ హార్మోనిక్ మైనస్ 34 డీబీ. అంటే దగ్గర దగ్గర 2%. కంపెనీ ట్యూబ్‌లో మైనస్ 48, అంటే 0.4%. తర్వాత ట్రిమ్‌పాట్లు తిప్పి 7,800 ట్యూబ్‌ని కూడా 12 వోల్టులకి తెచ్చా. మళ్లీ కొలిచా. మైనస్ 47.

మూడు నెలలు నేను అందరికీ అమ్మిన 'వింటేజ్ వార్మ్‌త్' రెండు స్క్రూలు తిప్పగానే మాయమైంది. ఇంకో రకంగా చెప్పాలంటే, కంపెనీ ట్యూబ్ ఉంచుకుని అవే స్క్రూలు తప్పుగా తిప్పినా దాదాపు అదే వార్మ్‌త్ వస్తుంది, ఫ్రీగా. తిప్పి చూశా. వచ్చింది.

బ్లైండ్ టెస్ట్

కొలతలు ఒకటే అయినా చెవికి తేడా తెలుస్తుందనే వాదన ఉంది. దాన్ని కూడా తేలిగ్గా తీసేయకూడదు అనిపించింది. కానీ ట్యూబుల్ని బ్లైండ్‌గా పోల్చడం కష్టం. తీసి, చల్లారనిచ్చి, ఇంకోటి పెట్టి, వేడెక్కనిచ్చి, బయాస్ సెట్ చేసేసరికి పావుగంట. సౌండ్‌లో సన్నటి తేడాల్ని మన మెదడు అంతసేపు గుర్తుపెట్టుకోదు.

అందుకని ఆంప్ అవుట్‌పుట్‌నే రికార్డ్ చేశా. స్ప్లిటర్ పెట్టి హెచ్‌డీ 600ని కూడా తగిలించే ఉంచా, ఆంప్ మీద అసలు లోడ్ ఉండాలి కదా. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్. ఒకే పాటలో అవే నలభై సెకన్లు, ప్రతి ట్యూబ్‌తో. తర్వాత ఆడాసిటీలో లెవెల్ 0.1 డీబీ లోపు మ్యాచ్ చేశా. ఈ స్టెప్ మాత్రం ఎవరూ వదిలేయొద్దు. 7,800 ట్యూబ్ గెయిన్ కంపెనీ ట్యూబ్ కన్నా 1.1 డీబీ ఎక్కువ వచ్చింది. అంత తేడాని మన చెవి 'సౌండ్ పెరిగింది' అని అనుకోదు, 'క్లారిటీ పెరిగింది' అనుకుంటుంది. షోరూముల్లో ఖరీదైన స్పీకర్‌ని కొంచెం వాల్యూమ్ పెంచి వినిపించేది ఇందుకే అని నా అనుమానం.

ఫూబార్2000లో ఏబీఎక్స్ కంపారేటర్ ఉంది. అది ఒక మిస్టరీ క్లిప్ వినిపిస్తుంది, అది ఏ ట్యూబో నువ్వు చెప్పాలి. 16 సార్లు. కళ్లు మూసుకుని ఊహించినా సగటున 8 కరెక్ట్ అవుతాయి. 12 దాటితే గాలివాటం అయ్యే ఛాన్స్ 4% లోపే, కాబట్టి 12ని పాస్ మార్క్ అనుకున్నా.

బయాస్ సెట్ చేయకముందు 7,800 ట్యూబ్, కంపెనీ ట్యూబ్: 16కి 16. కళ్లు మూసుకుని చెప్పేశా. బయాస్, లెవెల్ రెండూ సరిచేశాక అదే జత: 16కి 9. ఏడో రౌండ్ తర్వాత ఏం వెతుకుతున్నానో నాకే అర్థం కాలేదు.

బీఈఎల్ ట్యూబ్ దగ్గర కథ కొంచెం వేరుగా నడిచింది. బాబాయ్ ఇచ్చిన మూడింట్లో ఒకదాని నెత్తి మీద ఉండాల్సిన వెండి మెరుపు తెల్లగా పాలిపోయింది. ఆ మెరుపుని గెటర్ అంటారు, లోపల మిగిలిన గాలిని అది పీల్చుకుంటుంది. తెల్లబడిందంటే గాజులోంచి గాలి దూరిందని, ట్యూబ్ అయిపోయిందని అర్థం. రెండోదాన్ని పెన్సిల్‌తో మెల్లగా తడితే హెడ్‌ఫోన్‌లో గుడి గంటలా టింగ్‌మని మోగింది. లోపలి గ్రిడ్ వదులైతే ఇలా అవుతుంది, మైక్రోఫోనిక్ అంటారు. టేబుల్ మీద కాఫీ కప్పు పెట్టినా వినపడుతుంది. మూడోది బాగుంది. దాన్ని బయాస్ చేసి, రికార్డ్ చేసి టెస్ట్ పెడితే 16కి 13!

ఎగిరి గంతేశా. మన దేశం ట్యూబ్, బాబాయ్ పెట్టెలోది, నిజంగా వేరే సౌండ్. కానీ ఎలా పట్టుకున్నానో గమనించుకుంటే, నేను పాటని వినట్లేదు. పాట మొదలవకముందు ఉన్న అర సెకను నిశ్శబ్దంలో సన్నటి గరగర ఉంది, దాన్ని పట్టుకుంటున్నా. ట్యూబ్ తీసి చూస్తే పిన్నులు నల్లగా ఉన్నాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, సాకెట్‌లో నాలుగుసార్లు పెట్టి తీసి, మళ్లీ రికార్డ్ చేశా. గరగర పోయింది. ఈసారి 16కి 10. ఊహ కన్నా కొంచెం ఎక్కువే, కానీ పాస్ కాదు. అప్పటికి రాత్రి రెండయింది, ఇంకో రౌండ్ చేసే ఓపిక లేక పడుకున్నా.

ఇది ఒక ఆంప్, ఒక హెడ్‌ఫోన్, ఒక జత చెవుల రిజల్ట్. మీ చెవులు నా కన్నా పదునుగా ఉండొచ్చు. ఉంటే ఇదే పద్ధతిలో టెస్ట్ చేసి చూడండి, నిజంగా తెలుసుకోవాలనుంది.

ఆ ముల్లార్డ్ ముల్లార్డేనా?

ఈ గొడవలో ఇంకోటి బయటపడింది. ఆల్కహాల్ చేతిలో ఉంది కదా అని 7,800 ట్యూబ్‌ని కూడా తుడిచా. పేరు ప్రింటు దూదికి అంటుకుని వచ్చేసింది. పాత ట్యూబుల మీద ప్రింటు నిజంగానే సులువుగా చెరిగిపోతుంది, కాబట్టి దాన్నిబట్టి నకిలీ అనలేం. చూడాల్సింది గాజు కింది భాగంలో, పిన్నుల దగ్గర. ఫిలిప్స్ గ్రూపు ఫ్యాక్టరీల్లో చేసిన ట్యూబులకి అక్కడ రెండు వరసల్లో చిన్న బూడిద రంగు కోడ్ ఉంటుంది. పై వరస ట్యూబ్ రకం. కింది వరసలో మొదటి గుర్తు ఫ్యాక్టరీ, ఆ తర్వాత తయారైన తేదీ. 'బీ' అయితే ఇంగ్లండ్‌లో బ్లాక్‌బర్న్, అంటే ముల్లార్డ్ సొంత ఫ్యాక్టరీ. చిన్న త్రిభుజం ఉంటే నెదర్లాండ్స్‌లో హీర్లెన్. నాదాని మీద టార్చ్ వేసి, ఫోన్ మాక్రో లెన్స్ పెట్టి వెతికా. ఏ కోడూ లేదు. లోపలి ప్లేట్లు చూస్తే, అచ్చం నా ఆంప్‌తో వచ్చిన చైనా ట్యూబ్ ప్లేట్లలాగే ఉన్నాయి. సెల్లర్‌కి ఫొటోలు పంపా. రిటర్న్ గడువు అయిపోయిందని సమాధానం వచ్చింది.

కొత్త బాక్సులో ముల్లార్డ్ అని కనిపించేవి వేరే సంగతి. ఆ పేరు ఇప్పుడు న్యూ సెన్సర్ అనే అమెరికన్ కంపెనీది, ట్యూబులు తయారయ్యేది రష్యాలోని సరాటోవ్‌లో. టంగ్‌సోల్, ఎలక్ట్రో హార్మోనిక్స్, సోవ్‌టెక్ పేర్లతో వచ్చేవి కూడా అక్కడివే. అంటే నాలుగు బ్రాండ్లు కొని 'రోల్' చేస్తున్నామనుకుంటాం, ఫ్యాక్టరీ ఒక్కటే. ఇవి కాకుండా ఇప్పుడు పెద్ద ఎత్తున చేసేది స్లొవేకియాలో జేజే, చైనాలో కొన్ని కంపెనీలు. 2022 మార్చిలో యుక్రెయిన్ యుద్ధంతో రష్యా ఎగుమతులు ఆగిపోయినప్పుడు ప్రపంచవ్యాప్తంగా గిటార్ ఆంప్ వాళ్లు కంగారుపడింది ఇందుకే. పాత స్టాక్ ఎప్పటికైనా తరిగేదే, ధర పెరిగేదే. ఆ రెండూ కలిసిన చోటే నకిలీలు పుడతాయి.

మరి ట్యూబ్ రోలింగ్ అంతా ఉత్తిదేనా?

కాదు. కొన్ని ఆంప్‌లలో తేడా నిజం, కొలవగలిగేంత నిజం. డార్క్‌వాయిస్ 336ఎస్ఈ లాంటి ఓటీఎల్ ఆంప్‌లలో మాస్‌ఫెట్లు ఉండవు, ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, పవర్ ట్యూబే నేరుగా హెడ్‌ఫోన్‌ని నడుపుతుంది. వాటి అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువ. హెచ్‌డీ 600, 650 పేరుకి 300 ఓమ్‌లే అయినా, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల వాటి ఇంపెడెన్స్ సుమారు 500 దాకా పెరుగుతుంది. ఈ రెండూ కలిస్తే అక్కడ బేస్ నిజంగానే లేస్తుంది. అది డిస్టార్షన్ కాదు, ఫ్రీక్వెన్సీ రెస్పాన్సే మారిపోవడం. అలాంటి చోట పవర్ ట్యూబ్ మారిస్తే తేడా రావడానికి కారణం ఉంది. నాలాంటి హైబ్రిడ్‌లో హెడ్‌ఫోన్‌కి కనిపించేది మాస్‌ఫెట్లే, ట్యూబ్ కాదు.

అలాగే టైపే మార్చేస్తే తేడా వస్తుంది. 12ఏయూ7 ఆంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 20కి కొంచెం తక్కువ, 12ఏటీ7ది 60, 12ఏఎక్స్7ది 100. మూడింటికీ పిన్నులు ఒకటే. కానీ సర్క్యూట్ ఒకదానికే డిజైన్ చేసి ఉంటుంది కాబట్టి, ఆంప్ తయారీదారు ఒప్పుకోకుండా ఇది చేయకండి. 6డీజే8 విషయంలో ఇంకా జాగ్రత్త. అదీ తొమ్మిది పిన్నులదే, 12ఏయూ7 సాకెట్‌లో చక్కగా దూరుతుంది. కానీ హీటర్ 6.3 వోల్టులది. దానికి 12.6 ఇస్తే ఒక్కసారి తెల్లగా వెలిగి ఆరిపోతుంది. దూరింది కదా అని పనిచేస్తుందనుకోవద్దు. రకం నంబర్ చూసుకోవాలి.

ఇంకో రెండు ముక్కలు. మార్చేముందు పవర్ తీసి, ట్యూబ్ చల్లారేదాకా ఆగండి. నిటారుగా లాగండి, నెత్తి మీద గాజు మొన పట్టుకోవద్దు. పవర్ ఆన్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్ తీసేసి ఉంచండి, ట్యూబ్ వేడెక్కేలోపు వచ్చే ధబ్‌మనే శబ్దం డ్రైవర్‌కి మంచిది కాదు. ఓటీఎల్ ఆంప్ అయితే లోపల ప్రమాదకరమైన హై వోల్టేజ్ ఉంటుంది, దాని మూత తీసి మల్టీమీటర్ పెట్టే సాహసం అనుభవం లేకుండా చేయకండి. నేను వేలు పెట్టింది 24 వోల్టుల దాంట్లో.

సౌండ్ మార్చుకోవడమే మీ ఉద్దేశమైతే ఈక్వలైజర్ యాప్‌లో 2 డీబీ కదిలించండి. ఏ 12ఏయూ7 కూడా అంత మార్చదు. బాబాయ్ చెప్పిన టోను నాబు అదే. ఇంట్లో ఒక స్పేర్ ట్యూబ్ ఉండాలంటే మాత్రం కొనండి, కొత్తది, 12ఏయూ7 అని రాసున్నది, గ్యారంటీ ఇచ్చే చోట. వాడినకొద్దీ అరిగే పార్ట్ అది, ఎప్పటికైనా పోతుంది.

మా జూనియర్ సంగతి. సోమవారం వాణ్ణి కూర్చోబెట్టి ప్లేట్ వోల్టేజ్ కథంతా చెప్పా. నీ చెవుల్లో ప్రాబ్లం లేదురా, నా మాటలోనే ఉంది అన్నా. వాడి ఆంప్ కూడా ఇంటికి తెప్పించి బయాస్ సెట్ చేశా. వాడి ట్యూబ్ లక్కీగా 12.8 దగ్గర ఉంది. అందుకే వాడికి మొదట్నుంచీ తేడా వినపడలేదు. ఆ 6,000లో సగం నేను ఇస్తానన్నా. తీసుకోలేదు.

"వద్దులే అన్నా, ఉంచుకుంటా. రాత్రి లైట్లు ఆపేస్తే ఆ నారింజ రంగు వెలుగు భలే ఉంటది."

ఆ వెలుగు ట్యూబ్‌ది కాదని, సాకెట్ కింద పెట్టిన ఎల్ఈడీదని వాడికి ఇంకా చెప్పలేదు.